అందరి లెక్కలో ఉన్న బావి

"ముందు నువ్వు గట్టు దిగు," అంది అత్తయ్య.

అక్క దిగలేదు.

ఆఫీసు నుంచి వస్తూనే చెప్పులు కూడా విప్పకుండా, భుజాన సంచి భుజానే ఉండగా, తిన్నగా పెరట్లోకి వెళ్ళి బావి గట్టు మీద కూర్చుంది. అంతే, ఇక కదల్లేదు. అవతల సందులో మట్టి లారీ ఆగి ఉంది. రేపు రావలసింది, ఇవాళే ఊడిపడింది. డ్రైవరు హారన్ మీద వేసిన చెయ్యి తీయడం లేదు. మా ఆయన చేతిలో టేపుతో పెరటి గుమ్మంలో నిలబడిపోయాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. మండదా మరి! మా ఆయనది మోటార్లు చుట్టే పని. కాలిపోయిన నీళ్ళ మోటారు తెస్తే పాత తీగ పీకి, కొత్త రాగితీగ చుట్టి, వార్నిష్ పట్టించి మళ్ళీ తిరిగేలా చేసి ఇస్తాడు. అద్దె కొట్టువాళ్ళు ఖాళీ చేయమంటే పోయిన వారమే చేశాం. వార్నిష్ కంపు, సుత్తి మోత అని ఇంకెవరూ మాకు కొట్టు ఇవ్వలేదు. సామానంతా వరండాలో పోగుపడింది. ఇంట్లో అడుగు తీసి అడుగు వేస్తే ఏదో ఒక మోటారు కాలికి తగులుతోంది. అలాంటప్పుడు అత్తయ్యే నోరు తెరిచి, "పెరట్లో బావి పూడ్చేసి అక్కడ షెడ్డు వేసుకోండిరా," అంది. మేం అడగలేదు, ఆవిడే అంది. ఆ మాటతో నా నెత్తిన పాలు పోసినట్టయింది.

ఇప్పుడు అక్క వచ్చి ఆ బావి మీదే కూర్చుంది.

అక్కంటే నా తోడబుట్టింది కాదు, తోడికోడలు. మున్సిపాలిటీలో కరువు సర్వే చేస్తుంది. వానలు మొహం చాటేస్తే ఊళ్ళో ముందు ఎవరి గొంతు ఎండుతుంది, ఎవరు కొంతకాలం తట్టుకుంటారు అని ఇల్లిల్లూ తిరిగి కనుక్కోవడం ఆవిడ ఉద్యోగం. ఊరందరి కష్టాలూ అడిగి తెలుసుకునే మనిషికి ఇంట్లో మా కష్టం కనబడలేదా అని నా కడుపుమంట.

"రేపు సాయంత్రం దాకా ఆగండి అత్తయ్యా. అంతే అడుగుతున్నాను," అంది అక్క.

"ఎందుకు ఆగాలి?"

"చెప్తాను. ముందు ఎవరైనా ఆ హారన్ ఆపించండి, తల పగిలిపోతోంది."

"ఆపిస్తే లారీ వెళ్ళిపోతుంది," అన్నాను నేను. "నీక్కావలసిందీ అదేగా!"

అక్క నా వైపు చూసింది గానీ ఏమీ అనలేదు. ఆవిడ ఏమైనా అంటే నాకు హాయిగా ఉండేది. మా ఆయనే వెళ్ళి డ్రైవరుకి ఏదో సర్దిచెప్పి వచ్చాడు. హారన్ ఆగింది. అప్పుడు తెలిసింది, మేమంతా ఎంత గట్టిగా అరుస్తున్నామో.

"మన సందు సర్వే చేసింది నేనే కదా," అని మొదలుపెట్టింది అక్క. "అందర్నీ ఒక ప్రశ్న అడగాలి. మీ నీళ్ళు ఆగిపోతే ఎవరి దగ్గరికి వెళ్తారు అని. ఎవరో ఒకర్ని చెబితే ఆ ఇంటికి ఆసరా ఉన్నట్టు. ఎవరూ లేరంటే లేనట్టు. మన సందులో ఒక్కరు కూడా లేరనలేదు. నాకు ఎంత సంతోషమేసిందో! ఈ ఇంటికి ఆసరా ఉంది, ఈ ఇంటికీ ఉంది అని పెట్టుకుంటూ పోయాను. మ్యాపులో మన సందంతా పచ్చగా వచ్చింది. ఫరవాలేదు, వీళ్ళు తట్టుకుంటారు అని దానర్థం."

"మంచిదేగా. దానికి బావెక్కి కూర్చోవడం దేనికి?"

"ఇవాళ మా ఆఫీసరు మ్యాపు చూస్తూ ఊరికే అడిగాడు అత్తయ్యా. ఏమ్మా, మీ సందువాళ్ళు అంత ధీమాగా ఉన్నారే, అందరూ ఎవరి దగ్గరికి వెళ్తారట అని. చెప్పబోయాను, నోట మాట రాలేదు."

"ఎవరి దగ్గరికట?"

"మీ దగ్గరికి."

అత్తయ్య అర్థం కానట్టు చూసింది.

"ఈ బావికి," అంది అక్క గట్టు మీద అరచేత్తో కొట్టి. "కోర్టు బాబాయి ఈ బావే అన్నారు. మూలింటివాళ్ళు ఈ బావే అన్నారు. మేడ మీద అద్దెకున్నవాళ్ళు కూడా ఈ బావే. ఎవరికి వాళ్ళు చెప్పింది నిజమే. అన్నీ కలిపి చూస్తే సందు సందంతా ఒక్క తాడు పట్టుకుని వేలాడుతోంది. ఆ తాడుని రేపు మనం మట్టేసి పూడ్చబోతున్నాం. రేపు సాయంత్రంలోగా వాళ్ళకి ఒక మాట చెప్పనివ్వండి."

"అడిగేటప్పుడు నీకు తెలియలేదా?" అన్నాను.

"తెలియలేదు. మన బావే కదా, ఎవరు చెప్పినా అవును కదా అనుకున్నాను. వేరే సందులో అయితే మూడో ఇంటికే అనుమానం వచ్చేది నాకు."

అత్తయ్య ముందు నవ్వింది. నిజంగానే నవ్వింది, పమిట నోటికి అడ్డం పెట్టుకుని. తర్వాత ఆ నవ్వు ఆగిపోయింది. ఆవిడ మొహం ఎర్రబడటం నేను అదే చూడటం.

"నన్నెవరైనా అడిగారా?" అంది. "నా బావిని తమ లెక్కలో వేసుకునే ముందు, అమ్మా మేం వస్తాం, నీకు సమ్మతమేనా అని ఒక్కరంటే ఒక్కరు వచ్చి అడిగారా?"

వచ్చి అక్క పక్కన, గట్టు దగ్గర నిలబడింది.

"ఆ ఎండల ఏడు ఈ గట్టు దగ్గర నిలబడింది ఎవరు? నేను. తెల్లారకముందు నిలబడితే పొద్దు గూకేదాకా కాళ్ళు పీక్కుపోయేవి. తలో ఇన్ని నీళ్ళే అంటే పిసినారిదాన్నన్నారు. ముసలివాళ్ళకి ముందు అంటే పక్షపాతం అన్నారు. అడుగున బురద వస్తే మంచినీళ్ళు దాచుకున్నానన్నారు! ఎదురింటి టైలరమ్మ నా గుమ్మంలో నిలబడి, నలుగురూ వింటూ ఉండగా, నీళ్ళు లేకపోతే చస్తాం గానీ నీ మొహం చూస్తూ బతకలేం అంది. ఆ తర్వాత వానలు పడ్డాయి, అందరూ అన్నీ మర్చిపోయారు. నేను మర్చిపోలేదు. పూడ్చేయండి. ఎవరి నీళ్ళు వాళ్ళు చూసుకుంటారు."

నేనీ ఇంటికి రాకముందు సంగతి అది. టైలరమ్మతో ఈ ఇంటికి మాటల్లేవని తెలుసు గానీ ఎందుకో నాకెవరూ చెప్పలేదు. బావి పూడ్చమని అత్తయ్య అన్నప్పుడు కొడుకు మీద ప్రేమతో అందనుకున్నాను. సగం ప్రేమే. మిగతా సగం ఇదన్నమాట.

"అయితే రేపు వెళ్ళి ఆ పచ్చ తీసేసి ఎరుపు వెయ్యి," అన్నాను అక్కతో. "ఎండల్లో ట్యాంకర్లు పంపిస్తారు. ఇక బావెందుకు?"

"ఎరుపు ఎలాగూ వేస్తాను. తప్పు నాది, నేనే దిద్దుకుంటాను. కానీ ట్యాంకరుకి నీళ్ళు ఎక్కణ్ణించి వస్తాయి? ఊరవతల రిజర్వాయరు నించే కదా. ఆ ఏడు అదే అడుగంటింది."

"అందరికీ బోర్లున్నాయిగా!"

మా ఆయన గొంతు సవరించుకున్నాడు. ఆ సవరింపు నాకు తెలుసు. నాకు నచ్చని మాట చెప్పబోయే ముందు వచ్చేదది.

"అమ్మా, ఈమధ్య మన సందు నించే చాలా మోటార్లు వచ్చాయి," అన్నాడు. "బోరులో నీళ్ళు కిందికి పోతే మోటారు ఉత్తినే తిరిగి తిరిగి కాలిపోతుంది. పైపు ఇంకా కిందికి దించుకోండి అని చెప్పి పంపిస్తున్నాను. ఎంతకని దించుతారు?"

మా ఇంటి విడ్డూరం అదే. ఊళ్ళో బోర్లు ఎండితేనే మాకు గిరాకీ. ఈమధ్య గిరాకీ బాగుందని నేను మురిసిపోతున్నాను కూడా.

"మీరెవరి తరఫండీ?" అన్నాను.

"మోటార్ల తరఫు," అన్నాడు నవ్వించబోయి. ఎవరూ నవ్వలేదు.

నాకు ఏడుపొచ్చింది. నాకు ఏడుపొస్తే నోరు లేస్తుంది. "నీకేం అక్కా!" అన్నాను. "నీ కుర్చీ ఎక్కడికీ పోదు. వానలు పడితే ఒక సర్వే, పడకపోతే రెండు సర్వేలు. వీధిన పడింది మేం కదా!"

అక్క కళ్ళు నీళ్ళతో నిండాయి. ఆవిడ తల తిప్పుకుని బావిలోకి చూస్తూ కూర్చుంది. అనేశాక నాకే మనసు చివుక్కుమంది. కానీ కోపంలో ఉన్నప్పుడు మాట వెనక్కి తీసుకునే రకాన్ని కాదు నేను.

అప్పుడు బావగారు నోరు విప్పారు. ఆయన బస్సు డ్రైవరు. రోజంతా హారన్ల మధ్య గడిపి వస్తారు కాబట్టి ఇంట్లో మాట్లాడటం ఆయన దృష్టిలో అనవసరం. "మట్టి సందులోనే పోయించండి. లారీ వెళ్ళిపోతుంది. బావి సంగతి రేపు చూద్దాం," అన్నారు.

ఆయన అంత పొడుగు మాట మాట్లాడితే కాదనడం మా ఇంట్లో ఎవరి వల్లా కాదు. గోడ పక్కన సందులో మట్టి గుట్టగా పడింది. అక్క గట్టు దిగింది.

ఆ పూట వంటగదిలో మేమిద్దరం ఒకే పొయ్యి ముందు నిలబడి ఒక్క మాట మాట్లాడుకోలేదు. నేను ఉప్పు డబ్బా కోసం చెయ్యి చాపేలోపే అక్క దాన్ని నా ముందుకు జరిపింది. అది చూసి నాకు ఇంకా కోపం వచ్చింది. పోట్లాడుకున్నాక మనిషి అంత మంచిగా ఉండకూడదు.

*

బావి పూడుస్తున్నాం అని మేం సందులో ఎవరికీ చెప్పలేదు. మట్టిగుట్ట చెప్పేసింది.

పొద్దున్నే మొదట వచ్చింది కోర్టు బాబాయి. ఆయన కోర్టులో గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. ఇప్పటికీ ఏది నచ్చకపోయినా "చెల్లదు" అంటాడు. స్కూటరు మట్టి దాటక అవతలే ఆపి, గుట్ట పక్కనించి నడిచి వచ్చాడు.

"అక్కయ్యగారూ, ఏమిటీ మట్టి?"

"బావి పూడుస్తున్నాం."

"పూడ్చడమా! చెల్లదు, చెల్లదు. అలా ఎలా పూడుస్తారు?"

"నా బావయ్యా. పారతో పూడుస్తారు," అంది అత్తయ్య. ఆ మాట అనడంలో ఆవిడకి ఎంత సుఖం కలిగిందో మొహంలో తెలిసిపోయింది. "నీకు బోరుందిగా. నీకేం?"

"బోరును నమ్ముకుంటామా! ఎద్దడి వస్తే ఎలాగూ మీ బావి ఉందనే కదా మా ధైర్యం!"

"మీరూ అదే అనుకున్నారా?" అంది అప్పుడే గేటు తోసుకుని వచ్చిన మూలింటావిడ. "మేం ఉన్నదే నలుగురం, మాకు సరిపోతాయిలే అనుకున్నామండీ మేం."

"మీకేనా సరిపోయేది? మరి మేము?" అన్నాడు మేడ మీద అద్దెకుండే డ్రాయింగు మాస్టారు వెనకనించి.

చూస్తూ ఉండగానే మా పెరడు నిండిపోయింది. ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు. తమ పెట్టెలో దాచుకున్న వస్తువు పక్కవాడి పెట్టెలో కూడా కనబడితే ఎలా ఉంటుందో అలా ఉన్నాయి మొహాలు. అక్క ఏమీ వివరించలేదు. వివరించే అవసరం లేకపోయింది. ఆవిడ ఆఫీసరుకి చెప్పలేకపోయిన మాట వీళ్ళే ఒకరికొకరు చెప్పుకుంటున్నారు.

"ఇంతకీ అందులో నీళ్ళెన్ని ఉన్నాయి?" అన్నాడు డ్రాయింగు మాస్టారు.

విచిత్రం కాకపోతే, అందరూ నమ్ముకున్న బావిలో ఎంత నీరుందో ఒక్కరూ తొంగిచూడలేదు. బావగారు తాడుకి రాయి కట్టి దించారు. పైకి లాగి, తడిసిన మేర చేత్తో పట్టుకుని చూపించారు. ఆయన మోకాలు దాటి కాస్త పైకి వచ్చింది, అంతే. రాయికి నల్లటి బురద ముద్దగా అంటుకుని ఉంది.

"పూడిక," అన్నారు. "ఎన్నాళ్ళయిందో తీసి."

"సందంతా వస్తే ఎన్నాళ్ళొస్తాయి?" అని ఎవరో అడిగారు.

"ఎన్నాళ్ళా? మొదట వచ్చినవాళ్ళకి వస్తాయి," అంది అక్క.

అత్తయ్య మొహంలో ఇందాకటి సుఖం పోయింది. తన బావి అంత పల్చబడిందని ఆవిడకీ తెలియదు. ఆవిడ తాడు తడిసిన చోట వేళ్ళతో తడిమి చూసుకుంది, జ్వరం వచ్చిన పిల్లని ముట్టుకున్నట్టు.

ముందు తేరుకుంది కోర్టు బాబాయే. "పూడిక తీయిద్దాం," అన్నాడు. "తీయించడమేమిటి, మనమే తీద్దాం. మొగవాళ్ళం ఇంతమందిమి ఉన్నాం."

"మీరు దిగుతారా బాబాయ్?" అన్నాడు మా ఆయన.

"నేను పైనుంచి పర్యవేక్షిస్తాను."

అందరూ నవ్వారు. ఆ నవ్వుతో నోళ్ళు లేచాయి. డాబాల మీద పడే వాన సందులోకి పోయి మురుక్కాలవలో కలుస్తోంది కదా, దాన్ని బావిలోకి తిప్పలేమా అంది మూలింటావిడ. తిప్పొచ్చు, మొదటి జల్లు దుమ్ముతో వస్తుంది కాబట్టి దాన్ని బయటికి వదిలేసి, తర్వాతి నీళ్ళు ఇసుకలోంచి వడకట్టి లోపలికి పంపాలి అన్నాడు మా ఆయన. అని, గొట్టం ఎటునించి ఎటు వెళ్ళాలో నేల మీద పుల్లతో గీసి చూపించడం మొదలుపెట్టాడు. ఎక్కడ గీశాడనుకున్నారు? తన షెడ్డు కోసం సున్నంతో ముగ్గు పోసుకున్న చోటే. మనిషి పని కనబడితే చాలు, తనేం పోగొట్టుకుంటున్నాడో మర్చిపోతాడు.

"బావి ఒక్కటీ బాగుపడితే చాలదు," అంది అక్క. "మళ్ళీ అందరం దీని మీదే పడితే మళ్ళీ ఇదే కథ. మూలింటి బోరులో ఇంకా నీళ్ళున్నాయి. ఆ పక్క ఇళ్ళవాళ్ళు అటు వెళ్ళాలి. ఈ పక్కవాళ్ళు ఇటు. ఎవరు ఎటో ఇప్పుడే అనుకోవాలి, కడవలు పట్టుకుని వచ్చాక కాదు."

"మా బోరా?" అంది మూలింటావిడ గతుక్కుమని. ఒక్క క్షణం ఆగింది. "సరే. కానీ నన్ను ముందే అడిగారు చూడండీ, అందుకు ఒప్పుకుంటున్నాను."

అత్తయ్య ఆవిడ వంక చూసింది. ఎన్నో ఏళ్ళుగా ఎవరూ తనకి చెప్పని మాట ఆవిడ నోట విన్నట్టు చూసింది.

"నాదీ ఒక మాట," అంది అత్తయ్య. "ఇక మీదట నేను గట్టు దగ్గర నిలబడను. వంతులు మీరే వేసుకోండి. మీలో మీరే తిట్టుకోండి. నా దగ్గరికి ఎవరూ రావద్దు."

"న్యాయమే," అన్నాడు కోర్టు బాబాయి. ఆయన నోట ఆ మాట వినడం నాకదే మొదటిసారి.

ఇక చూడండి సంబరం! ఎవరు ఏ రోజు పలుగు తేవాలి, ఎవరింట్లో గిలక ఉంది, ఎవరి డాబాకి గొట్టం కావాలి అని తలా ఒక మాట. పెళ్ళివారి విడిదిలా ఉంది మా పెరడు. అక్క మొహం వెలిగిపోతోంది. మా ఆయన పుల్లతో ఇంకా గీస్తూనే ఉన్నాడు. నేను మెట్టు మీద నిలబడి అందర్నీ చూశాను. ఇంతమందిలో ఒక్కరికి, ఒక్కరికైనా గుర్తుందా?

"బాగుంది," అన్నాను గట్టిగా. "బావి బతుకుతుంది, మీరందరూ చల్లగా ఉంటారు. మరి మా ఆయన ఎక్కడ కూర్చుని పని చేసుకోవాలి?"

మెట్టు దిగి మధ్యకి వచ్చాను.

"ఈ జాగా మాకిచ్చిన జాగా. కాదు, ఇవ్వబోయిన జాగా. మీ అందరి దాహం తీరడానికి మా ఒక్కళ్ళ పొట్ట కొడతారా? నిన్న అత్తయ్య అడిగింది, నన్నెవరైనా అడిగారా అని. నేనూ అదే అడుగుతున్నాను. బావి ఉంచుదామా అని మమ్మల్ని ఎవరైనా అడిగారా?"

మా ఆయన చేతిలో పుల్ల కింద పడేసి లేచి నిలబడ్డాడు. కోర్టు బాబాయి తన చెప్పుల వంక చూసుకున్నాడు. అక్క నా దగ్గరికి వచ్చి పక్కన నిలబడింది. చెయ్యి పట్టుకోలేదు, ఓదార్చలేదు. పక్కన నిలబడి, "తను అడిగేదానికి జవాబు చెప్పకుండా పలుగు ముట్టుకోవడానికి వీల్లేదు," అంది అందరితో.

నిన్న నేనన్న మాటకి నాకు అప్పుడు సిగ్గేసింది. చెప్తున్నాగా, నాకు కోపం ఎంత తొందరగా వస్తుందో సిగ్గూ అంతే తొందరగా వస్తుంది.

"నా కొట్లో సగం ఖాళీగా ఉంది," అంది ఒక గొంతు.

అందరం వెనక్కి తిరిగాం. గేటు బయట, మట్టిగుట్ట పక్కన, మెళ్ళో కొలతల టేపుతో టైలరమ్మ నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో, ఎంత విందో తెలియదు. గేటు లోపలికి మాత్రం కాలు పెట్టలేదు.

"రెండో మిషను మీద కుట్టే అమ్మాయి ఊరు మారిపోయింది. ఆ పక్కంతా ఊరికే పడుంది. మీ ఆయన బల్ల పడుతుంది," అంది నాతోనే, ఇంకెవరి వైపూ చూడకుండా.

"వార్నిష్ మరకలు బట్టలకి అంటుతాయండీ," అన్నాడు మా ఆయన. పిచ్చి మారాజు, అడగకముందే తన తప్పులు తనే చెప్పుకుంటాడు.

"మధ్యలో పరదా కడతాను. వార్నిష్ పని అరుగు మీద చేసుకో. నా మిషను మోటారు కాలినప్పుడల్లా చుట్టిపెట్టు, చాలు." ఇక్కడ ఆగింది. "కానీ ఒకటి. ఆవిడ వచ్చి నన్నడగాలి."

ఆవిడంటే ఎవరో చెప్పనక్కర్లేదు.

"నేనెందుకు అడగాలి!" అంది అత్తయ్య ఇంతెత్తున లేచి. "నా గుమ్మంలో నిలబడి అన్ని మాటలన్నది నువ్వు!"

"అన్నాను. ఆ మాట సందంతా గుర్తుపెట్టుకుంది. దానికి ముందు నువ్వన్న మాట ఎవరికైనా గుర్తుందా? మా ఆయన పోయి నెల కూడా తిరగలేదు. బిందె తీసుకుని వచ్చాను. ఒంటిదానివి, నీకు రెండో బిందె దేనికి అన్నావు. అందరి ముందూ అన్నావు."

అంతే చెప్పి టైలరమ్మ వెనక్కి తిరిగి తన కొట్లోకి వెళ్ళిపోయింది. మిషను చప్పుడు వినిపిస్తుందేమో అనుకున్నాను. వినిపించలేదు.

"నేనలా అనలేదు," అంది అత్తయ్య.

చుట్టూ ఉన్న మొహాలన్నీ వెతికింది.

"అన్నానా?" అని పెద్ద కొడుకుని అడిగింది.

బావగారు తాడు చుట్ట చుడుతున్నారు. చుట్టడం ఆపి, తల్లి మొహంలోకి చూశారు. "అన్నావమ్మా," అన్నారు.

అత్తయ్య మెల్లిగా బావి గట్టు మీద కూర్చుంది. "మనిషికొకటి అని లెక్క పెట్టుకున్నాను," అంది తనలో తాను. "ఎవరికీ అన్యాయం జరక్కూడదని. ఆ ఇంట్లో ఒక మనిషి తగ్గాడు కదా అని ఒక బిందె తగ్గించాను. అంతే అనుకున్నాను..."

"లెక్క తప్పు కాదత్తయ్యా," అంది అక్క నెమ్మదిగా.

"కాదు," అంది అత్తయ్య. "లెక్క తప్పు కాదు."

గట్టు మీంచి మాత్రం లేవలేదు. ఆవిడ వెళ్ళకపోతే కొట్టు లేదు. కొట్టు లేకపోతే రేపు నేనే పార పట్టుకుని ఆ మట్టి బావిలో పోస్తాను, పొయ్యకుండా ఉండగలనా? నాకు తెలుసు, అత్తయ్యకీ తెలుసు. పుట్టి బుద్ధెరిగాక ఆవిడ ఎవరి గుమ్మం ముందూ నిలబడి ఏదీ అడగలేదు. అప్పు అడగలేదు, పప్పు అడగలేదు, ఆఖరికి నిప్పుపెట్టె కూడా అడగలేదు. ఆ సంగతి గొప్పగా చెప్పుకుంటుంది కూడా.

లేచింది. "నేను రానా అత్తయ్యా?" అని చెయ్యి పట్టుకోబోయాను, విదిలించేసింది. గేటు తీసింది. మట్టిగుట్ట పక్కనించి వెళ్ళొచ్చు, వెళ్ళలేదు. తిన్నగా దాని మీదుగానే ఎక్కింది. చీలమండ దాకా దిగబడింది. ఒక చెప్పు మట్టిలో ఉండిపోయింది. వెనక్కి తిరిగి చూడకుండా ఒంటి చెప్పుతోనే సందు దాటి టైలరమ్మ కొట్లోకి వెళ్ళింది.

లోపలినించి ఏమీ వినబడలేదు. కోర్టు బాబాయి మెడ సాచాడు. మూలింటావిడ ఆయన మోచెయ్యి పట్టుకుని వెనక్కి లాగింది.

అప్పుడు అత్తయ్య గొంతు లేచింది. దాని మీద టైలరమ్మ గొంతు లేచింది. "బిందె నా చేతిలోంచి లాక్కున్నావు!" "లాక్కోలేదు, పక్కన పెట్టాను!" "చూశాను!" "ఏం చూశావు, అప్పుడు నీ కళ్ళనిండా నీళ్ళే!" "ఆ నీళ్ళు కనబడ్డాయన్నమాట నీకు!" ఒకరి మాట ఒకరికి వినబడుతోందో లేదో. అన్నేళ్ళ మాటలు ఒక్కసారి బయటపడుతున్నాయి. ఇద్దరిలో ఎవరు ఏడుస్తున్నారో కూడా తెలియడం లేదు, ఇద్దరూ అనుకుంటాను.

మా ఆయన వరండాలో బల్ల దగ్గర నిలబడి నావంక బిక్కమొహంతో చూశాడు.

"ఇది చెడిందా, కుదిరిందా?" అన్నాడు. "బల్ల ఎత్తాలా, వద్దా?"

నేను కొంగు నడుముకి దోపుకుని బల్ల అవతలి కొస పట్టుకున్నాను.

"ఎత్తండి," అన్నాను.